17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో అరచేతి చిత్తరువులు: అంత చిన్నవి ఎందుకు, అంత ఖరీదు ఎందుకు?

లండన్‌లో మీ అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అగ్గిపెట్టె అంతేసి చిత్తరువులు చూశానని రాశారు. గోడ నిండా ఆయిల్ పెయింటింగులు వేయించుకోగలిగిన దొరలు ఇంత చిన్న బొమ్మలు ఎందుకు గీయించుకున్నారు, ఇవి డబ్బు తక్కువ ఉన్నవాళ్ళ కోసమా, ఏనుగు దంతం మీద గీసినవేనా, మొహాలు అలా పాలిపోయి నగలు నల్లగా ఎందుకున్నాయి, ఇదంతా ఫోటోలు లేని రోజుల్లో ఫోటో లాంటిదేనా అని మీ ప్రశ్నలు. నేను పాతికేళ్ళ పైగా కాగితం మీదా తోలు మీదా గీసిన పాత బొమ్మలకు మరమ్మతు చేసే పనిలో ఉన్నాను. ఈ ఇంగ్లీషు బొమ్మలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది పొరబడేది అక్కడే. శామ్యూల్ పీప్స్ అని నౌకాదళ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. 1660 నుంచి 1669 దాకా రోజువారీ డైరీ రాశాడు, ప్రతి ఖర్చూ అందులో ఎక్కించాడు. 1666లో ఆయన తన నిలువెత్తు కాకపోయినా పెద్ద ఆయిల్ పెయింటింగ్ ఒకటి జాన్ హేల్స్ అనే చిత్రకారుడితో వేయించుకున్నాడు. దానికి 14 పౌన్లు, చట్రానికి ఇంకో 25 షిల్లింగులు. రెండేళ్ళ తర్వాత, 1668 వేసవిలో, భార్య బొమ్మను శామ్యూల్ కూపర్‌తో అరచేతిలో పట్టేంత సైజులో గీయించాడు. కూపర్ తీసుకున్నది 30 పౌన్లు. పైన మూసే స్ఫటికానికీ బంగారు పెట్టెకీ మరో 8 పౌన్ల 3 షిల్లింగుల 4 పెన్నీలు. అంటే గోడకు తగిలించే పెద్ద బొమ్మ కన్నా లాకెట్లో దాచుకునే బొమ్మకే రెట్టింపు పైన అయింది. తమాషా ఏమిటంటే, పోలిక పూర్తిగా కుదరలేదనీ, నీలం గౌను తనకు నచ్చలేదనీ అదే డైరీలో రాసుకున్నాడు. అయినా పనితనం మాత్రం చాలా అరుదైనదని ఒప్పుకుని, అప్పు ఉంచుకోకూడదని ఆ రాత్రే డబ్బు పంపించేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. నాకు అది తలుచుకున్నప్పుడల్లా బాధగా ఉంటుంది.

కాబట్టి చిన్నది అంటే చవక అనుకోకండి. మన ఇళ్ళలో ఇంటికి సున్నం వేయించే లెక్క వేరు, ముక్కుపుడక చేయించే లెక్క వేరు కదా. ఈ చిత్తరువును వాళ్ళు నగల లెక్కలోనే చూశారు. దానికి కారణం కూడా ఉంది. ఈ విద్యను ఇంగ్లండ్‌లో నిలబెట్టిన నికొలస్ హిలియార్డ్ కంసాలి పనే నేర్చుకున్నాడు. ఎలిజబెత్ రాణికి నగలు చేసే రాబర్ట్ బ్రాండన్ దగ్గర శిష్యుడిగా చేరాడు. 1603లో రాణి పోయి మొదటి జేమ్స్ రాజు వచ్చాక కూడా ఆస్థానంలో ఆయనే గీశాడు. 1619లో చనిపోయాడు, దానికి రెండేళ్ళ ముందు అప్పుల కింద జైల్లో పడ్డాడు. రాజుల మొహాలు గీసిన చేతికి ఆ గతి పట్టింది.

ఇక అసలు విషయం. ఈ బొమ్మను అర్థం చేసుకోవాలంటే ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: ఇది గోడ మీద నలుగురికీ కనబడడానికి పుట్టలేదు, ఒక్కరి చేతిలో ఉండడానికి పుట్టింది. మూత తెరిస్తే కనబడుతుంది, మూస్తే మాయమవుతుంది. ఎవరికి చూపించాలో, ఎవరికి చూపించకూడదో పట్టుకున్న మనిషి ఇష్టం. ఇందాక మీరు ఫోటో లాంటిదేనా అన్నారు. ఆల్బంలో పెట్టే ఫోటో కన్నా, చీరల మడతల్లో దాచుకున్న ఉత్తరంతో పోలిస్తే బాగా సరిపోతుంది.

దీనికి సాక్ష్యంగా ఒక కథ చెబుతాను. కల్పన కాదు, అనుభవించిన మనిషే రాసిపెట్టుకున్నది. ఎడ్వర్డ్ హెర్బర్ట్ అని, తర్వాత ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్ రాయబారిగా పనిచేసినాయన, మంచి అందగాడు. జేమ్స్ రాజు కాలంలో ఆస్థానంలో ఉండే సర్ జాన్ ఏర్స్ భార్య హెర్బర్ట్ మీద మనసు పడింది. హెర్బర్ట్‌ది అప్పటికే ఒక పెద్ద చిత్తరువు ఉంది. ఆవిడ ఎలాగో దాని నకలు సంపాదించి, బ్లాక్‌ఫ్రయర్స్‌లో ఉండే ఐజాక్ ఆలివర్ దగ్గరికి పంపి, దాన్ని చిన్నగా గీయించుకుంది. బంగారంలో పొదిగించి మీనా పని చేయించి మెడలో వేసుకుంది, అదీ గొలుసు కిందికి దించి రవిక లోపల కనబడకుండా. ఒకరోజు హెర్బర్ట్ ఆవిడ గదిలోకి వెళ్ళేసరికి మంచం తెరల సందులోంచి కనబడిందట: ఆవిడ పడుకుని ఉంది, ఒక చేతిలో మైనపు కొవ్వొత్తి, ఇంకో చేతిలో హెర్బర్ట్ బొమ్మ. ఆయన దగ్గరికి రాగానే కొవ్వొత్తి ఊదేసి బొమ్మను దాచేసింది. ఈ వ్యవహారం భర్త చెవిన పడింది. లండన్ నడివీధిలో, వైట్‌హాల్ రాజభవనం దగ్గర, మనుషులను వెంటేసుకుని హెర్బర్ట్ మీద కత్తితో పడ్డాడు. హెర్బర్ట్ కత్తి విరిగిపోయింది, ప్రాణం మాత్రం దక్కింది.

ఆ గదిలో ఆవిడ బొమ్మను ఎలా చూస్తోందో గమనించండి. కొవ్వొత్తి ఒక చేతిలో, బొమ్మ ఇంకో చేతిలో. మంట కదిలినప్పుడల్లా బొమ్మలోని బంగారం, వెండి తళుక్కుమంటాయి. గీసినవాడు సరిగ్గా ఆ వెలుగును లెక్కలో పెట్టుకునే గీశాడు. మ్యూజియంలో గాజు వెనక, కదలని మసక దీపం కింద మనం చూసేది అందులో సగమే.

ఇప్పుడు ఎలా గీసేవారో చెబుతాను, మీ మిగతా ప్రశ్నలకు జవాబు అందులోనే దొరుకుతుంది. దీన్ని ఆ కాలంలో లిమ్నింగ్ అనేవారు, గీసేవాణ్ణి లిమ్నర్ అనేవారు. పాత చేతిరాత గ్రంథాలకు రంగులు వేసే విద్య నుంచి వచ్చిన మాట అది. మినియేచర్ అనే మాట ఇటాలియన్ నుంచి వచ్చింది, దానికి మూలం మినియమ్. మినియమ్ అంటే ఏమిటో తెలుసా? సింధూరం. ఆంజనేయస్వామికి పూసే సింధూరమే, సీసం నుంచి తీసిన ఎర్ర రంగు. గ్రంథాల్లో పెద్దక్షరాలు దానితో రాసేవారు. చిన్నది అనే అర్థం తర్వాత తర్వాత అంటుకుంది.

గీసేది దూడ తోలు పొర మీద. వాళ్ళు దాన్ని వెల్లమ్ అంటారు. పుట్టకముందే పోయిన దూడల తోలు అన్నిటికన్నా సన్నగా, నున్నగా ఉంటుందని దాన్నే కోరేవారు. ఆ పొరను పిండి జిగురుతో పేకముక్క మీద అంటించేవారు. నిజంగానే ఆడుకునే పేకముక్క. ఈ బొమ్మలను చట్రం లోంచి తీసి వెనక్కి తిప్పితే చాలావాటికి ఆఠీను, ఇస్పేటు గుర్తులు కనబడతాయి. మందంగా, గట్టిగా, చవకగా దొరికే అట్ట అప్పట్లో అదే. తర్వాత ఏదైనా చిన్న జంతువు పన్నుతో, అంటే మన ముంగిసలాంటి స్టోట్ పన్నుతో, వెనక వైపు రుద్ది నునుపు తేల్చేవారు.

రంగులు కలిపేది తుమ్మబంక నీళ్ళలో. నూనె ఉండదు. పోసుకునేది ఆల్చిప్పల్లో. కుంచె ఉడుత తోక వెంట్రుకలది, పక్షి ఈకల గొట్టంలో బిగించినది. ఒకే ఒక్క వెంట్రుకతో గీసేవారని మన దగ్గరా అక్కడా కూడా గొప్పగా చెబుతారు, అది నమ్మకండి. ఒక్క వెంట్రుక రంగు పట్టుకోదు, కాగితం తగలగానే వంగిపోతుంది. కుంచెలో వెంట్రుకలు బోలెడు ఉండాలి, కొస మాత్రం సూదిలా కుదరాలి. కుంచె కొనేటప్పుడు ఇప్పటికీ నేను చూసేది అదే.

హిలియార్డ్ 1600 ప్రాంతంలో ఈ విద్య గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. చదువుతుంటే ఎవరో పెద్దాయన పక్కన కూర్చుని జాగ్రత్తలు చెబుతున్నట్టే ఉంటుంది. పట్టు బట్టలు వేసుకోండి, నూలు పీచు రాలి రంగులో పడుతుంది. బొమ్మ మీద తలలోని పొట్టు రాలనివ్వకండి. పని మీద వంగి మాట్లాడకండి, ఉమ్మి తుంపర్లు పడతాయి. బొగ్గు పొగ తగలనివ్వకండి. కూర్చున్నవాళ్ళకు విసుగు పుట్టకుండా మంచి మాటలో, చదివి వినిపించడమో, సంగీతమో ఉంటే మేలు. ఈ పని పెద్దమనుషులకే తగినదని కూడా అంటాడు. మట్టీ మసీ లేని పని, బల్ల ముందు కూర్చుని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేసి లేవగలిగిన పని అని ఆయన ఉద్దేశం. ఆ మాట ఫలించింది, ఆ శతాబ్దంలో గొప్పింటి ఆడవాళ్ళూ మగవాళ్ళూ దీన్ని సరదాగా నేర్చుకున్నారు. ఇదే విద్య గురించి ఎడ్వర్డ్ నార్గేట్ అనే ఆయన ఒక వైద్య మిత్రుడి కోసం పుస్తకం మొదలుపెట్టి, సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ విస్తరించి రాశాడు. అందులో మొహాన్ని మూడు సిట్టింగుల్లో ఎలా పూర్తి చేయాలో వివరంగా ఉంటుంది.

మొహం గీసే పద్ధతి బలే ఉంటుంది. ముందుగా మొహం వచ్చే చోట లేత చర్మపు రంగు ఒక పూత పూస్తారు. దానికి సీసపు తెలుపులో కొంచెం సింధూరం కలుపుతారు. ఇలా వేర్వేరు ఛాయల్లో పూతలు ముందే సిద్ధం చేసుకుని, ఎదుటి మనిషి ఛాయను బట్టి వాటిలో కుదిరేదాన్ని ఎంచుకుంటారు. మొదటి సిట్టింగులో కళ్ళూ ముక్కూ నోరూ ఎక్కడున్నాయో లేత ఎరుపుతో గుర్తు పెడతారు. రెండోదానికి గంటల తరబడి కూర్చోవాలి, అసలు పోలిక అందులో వస్తుంది. సన్నని గీతలు, చుక్కలు ఒకదాని పక్కన ఒకటి పడుతూ నీడలు ఏర్పడతాయి. మూడోదాంట్లో చివరి మెరుగులు. కింద పూత ఇంకా తడి తగిలితే కరుగుతుంది కాబట్టి కుంచె ఒక్క తాకుడుతో పైకి లేవాలి, రుద్దితే అడుగు లేచి వచ్చేస్తుంది. తుమ్మబంక రంగుతో వచ్చే చిక్కు అదే.

ఇప్పుడు మీరు చూసిన నల్ల నగల సంగతి. హిలియార్డ్ ముత్యం గీసే తీరు చెబుతాను. ముందు చిక్కటి తెలుపుతో గుండ్రంగా ఒక బొట్టు, మీదకు ఉబ్బి ఉండేలా. ఒక పక్క కాస్త నీడ. ఆ బొట్టు నెత్తిన చిటికెడు వెండి పొడి రంగు పెట్టి, పన్నుతో రుద్ది మెరుపు తెప్పిస్తాడు. గీసిన రోజున కొవ్వొత్తి వెలుగులో అది అచ్చం ముత్యమే. కానీ వెండి కదా, గాలిలోని గంధకం తగిలి నాలుగు వందల ఏళ్ళలో నల్లబడింది. మన పూజగదిలో వెండి కుందులు నల్లబడినట్టే. కుందులను తోమగలం, దీన్ని తోమలేం. అందుకే తెల్లటి బొట్టు మధ్యలో నల్ల చుక్క కనబడింది మీకు. వజ్రాలదీ అదే కథ.

కెంపుల కిటుకు ఇంకా గొప్పది. వెండిని మెరుగు పెట్టి, దాని మీద ఎర్ర రంగు కలిపిన సర్జరసం (గుగ్గిలం) లాంటి జిగురును వేడి సూదితో బొట్టు పెడతారు. కింద వెండి అద్దంలా వెలుగును తిప్పి కొడుతుంది, పైన ఎరుపు గాజులా నిలబడుతుంది. కొన్నేళ్ళ క్రితం ఒక మే నెలలో ఇది స్వయంగా చేసి చూద్దామని కూర్చున్నాను. ఫ్యాన్ వేస్తే వెండి పొడి లేచిపోతోంది, ఆపేస్తే చెమట తోలు మీద పడుతుందేమోనని టెన్షన్. సూది ఎక్కువ వేడెక్కితే జిగురు మాడి గోధుమరంగుకు తిరిగింది, తక్కువైతే తీగ సాగింది. పదో పదకొండో బొట్టు పోయాక ఒక్కటి కుదిరింది, ఆవగింజలో సగం ఉంటుంది. టేబుల్ లైటు కింద బొమ్మను కొంచెం వంచాను. లోపల నిప్పు రవ్వ ఉన్నట్టు వెలిగింది. గీసిన నేనే ఒక్క క్షణం అది రాయేమో అనుకున్నాను. ఆ రోజు నుంచి హిలియార్డ్ బొమ్మలను నేను చూసే చూపే మారిపోయింది.

మొహాలు పాలిపోవడానికి కారణం వేరు. బుగ్గల మీద, పెదాల మీద వాడిన ఎర్ర రంగులను లేక్ రంగులంటారు. పురుగుల నుంచీ చెట్ల నుంచీ తీసినవి. ఆ మాటకు మూలం మన లక్కే. ఇవి వెలుతురుకు నిలవవు, మెల్లగా ఎగిరిపోతాయి. కింద ఉన్న సీసపు తెలుపు మాత్రం మిగులుతుంది. అందుకే కొందరు రాణులూ దొరసానులూ జ్వరం పడి లేచినట్టు కనబడతారు. గీసినప్పుడు వాళ్ళ బుగ్గలు గులాబీ రంగులోనే ఉన్నాయి. మ్యూజియం గదిలో దీపాలు అంత మసకగా ఉండడం మీకు చిరాకు కలిగించిందన్నారు. మిగిలిన ఆ కాస్త ఎరుపునూ కాపాడడానికే ఆ చీకటి.

ఏనుగు దంతం గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, కాదు. దంతం మీద గీసే పద్ధతి 1700 ప్రాంతంలో వెనిస్‌లో రోసాల్బా కారియేరా అనే చిత్రకారిణి మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో బెర్నార్డ్ లెన్స్ 1707 నాటికి గీశాడు. కాబట్టి 17వ శతాబ్దపు మనిషి బొమ్మ దంతం మీద ఉంటే, అది తర్వాత ఎవరో చేసిన నకలు. ఎవరైనా పాత లాకెట్టు చూపించి చార్లెస్ రాజు నాటిదని అమ్మబోతే మీరు మొదట అడగవలసిన ప్రశ్న అదే.

ఇంతవరకూ ప్రేమల సంగతే చెప్పాను. రాజకీయం కూడా ఈ బొమ్మల్లోంచే నడిచింది. థామస్ లైట్ అనే సోమర్‌సెట్ పెద్దమనిషి మొదటి జేమ్స్ రాజు వంశవృక్షాన్ని ట్రాయ్ నుంచి వచ్చాడని చెప్పుకునే బ్రూటస్ దాకా గీసి తీసుకెళ్ళి రాజుకిచ్చాడు. రాజు సంతోషించి తన బొమ్మ ఉన్న లాకెట్ ఒకటి ఇచ్చాడు. హిలియార్డ్ గీసిన ఆ లాకెట్ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో లైట్ జ్యుయెల్ పేరుతో ఉంది. బంగారం, మీనా పని, 29 వజ్రాలు. 1611లో లైట్ తన పెద్ద చిత్తరువు వేయించుకున్నప్పుడు ఆ లాకెట్‌ను మెడలో వేసుకునే కూర్చున్నాడు. ఊళ్ళో అందరికీ తెలియాలి కదా, రాజు తనకేం ఇచ్చాడో. వజ్రాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా యూరప్‌కు వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్ళేవి, 17వ శతాబ్దంలో వాటికి పెట్టింది పేరు గోల్కొండ రాజ్యం, కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనులు. ఇంగ్లండ్ రాజుల బొమ్మల చుట్టూ మెరిసిన రాళ్ళ గురించి చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఊళ్ళే.

రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం వచ్చాక, ఈ బొమ్మలు ఇంత చిన్నగా ఉండడమే ఒక రక్షణ అయింది. 1649 జనవరిలో మొదటి చార్లెస్ రాజు తల నరికారు. ఆయన పక్షం వాళ్ళు ఆయన బొమ్మను గోడకు తగిలిస్తే ప్రమాదం. ఉంగరంలో, లాకెట్లో మూత కింద పెట్టుకుంటే ఎవరికీ తెలియదు. అలాంటివి చాలా మిగిలాయి. చేతిలో పట్టుకుంటే వాటి మీద పని మోటుగా ఉంటుంది, హడావుడిగా చేసినవి. అయినా ఏ గొప్ప కళాఖండానికీ తీసిపోవని నా నమ్మకం, ఎందుకంటే వాటిని దాచుకున్నవాళ్ళు తలను పణంగా పెట్టారు. దేశం వదిలి తిరుగుతున్న ఆయన కొడుకు రెండో చార్లెస్‌కు 1651లో స్కాట్లండ్‌లో డేవిడ్ డెస్ గ్రాంజెస్ ఇలాంటి బొమ్మలు వరుసగా గీసిచ్చాడు, నమ్మకస్తులకు పంచడానికి. ఇరవై ఏళ్ళ తర్వాత, 1671లో, ముసలివాడై చూపు తగ్గి, తనకు రావలసిన 76 పౌన్లు ఇప్పించమని అదే రాజుకు అర్జీ పెట్టుకున్నాడు. చూపు మీదే బతికే మనిషికి చూపు పోతే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకు బాగా తెలుసు.

ఇందాక పీప్స్ దగ్గర చెప్పిన శామ్యూల్ కూపర్ దగ్గర కాస్త ఆగాలి. నా దృష్టిలో ఆ శతాబ్దం మొత్తానికి ఆయనే శిఖరం. మేనమామ జాన్ హాస్కిన్స్ ఇంట్లో పెరిగి, ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. హాస్కిన్స్ మొదటి చార్లెస్ రాజు ఆస్థాన లిమ్నర్. హిలియార్డ్ వెలుతురులో నీడ లేకుండా గీస్తే, కూపర్ నీడతోనే మనిషిని నిలబెట్టాడు. 1662 జనవరి 10 రాత్రి కూపర్ కొత్త నాణేల కోసం రెండో చార్లెస్ తల గీస్తుంటే తాను కొవ్వొత్తి పట్టుకున్నానని జాన్ ఈవ్లిన్ తన డైరీలో రాసుకున్నాడు. నీడలు బాగా తెలుస్తాయని రాత్రి పూటే కావాలన్నాడట కూపర్.

ఆయన గీసిన ఆలివర్ క్రామ్‌వెల్ బొమ్మ ఒకటి సగంలో ఆగిపోయింది, ఇప్పుడు బక్లూ డ్యూక్ గారి కుటుంబం దగ్గర ఉంది. మొహం పూర్తిగా వచ్చింది, భుజాలు మాత్రం గీతలుగా మిగిలాయి. పలచబడిన జుట్టు, మొహం మీద పులిపిర్లు, నిద్ర లేని కళ్ళ కింద బరువు, అన్నీ ఉన్నాయి. రాజును చంపించిన మనిషి అని ద్వేషం లేదు, దేశాధినేత అని మెప్పూ లేదు. ఎదురుగా కూర్చున్న యాభై ఏళ్ళ మనిషి ఉన్నాడంతే. పులిపిర్లతో సహా గీయమని క్రామ్‌వెల్ పీటర్ లేలీతో అన్నాడని ఒక ప్రసిద్ధమైన కథ ఉంది కదా. లేలీ వేసిన ఆ పెద్ద పెయింటింగ్‌కు ఆధారం కూపర్ గీసిన ఈ చిన్న బొమ్మే. సగంలో ఆపింది కూడా ఊరికే కాదు. మొహం ఒక్కసారి సరిగ్గా దొరికితే అది తన దగ్గరే ఉంచుకుని, ఎవరు అడిగినా దాని నుంచి నకళ్ళు తీసి ఇవ్వచ్చు. ఆ తర్వాత రెండో చార్లెస్ రాజుగా తిరిగి వచ్చాక ఆస్థాన లిమ్నర్ కూడా కూపరే అయ్యాడు. ఇరుపక్షాలూ ఆయన ముందు కూర్చున్నాయి. 1672లో చనిపోయాడు.

ఈ కళలో నాకు ఇష్టమైన కుటుంబం ఒకటుంది. రిచర్డ్ గిబ్సన్ ఎత్తు 3 అడుగుల 10 అంగుళాలు. ఆయన భార్య ఆన్ షెపర్డ్ కూడా అంతే పొట్టి. మొదటి చార్లెస్ రాజూ రాణీ దగ్గరుండి వాళ్ళ పెళ్ళి జరిపించారు. ఆ కాలంలో ఆస్థానాల్లో మరుగుజ్జులను వినోదానికి పెట్టుకునేవారు. గిబ్సన్ మాత్రం తన చేతిపనితో గౌరవం సంపాదించి, తర్వాతి రోజుల్లో రాణి అయిన మేరీ యువరాణికి బొమ్మలు గీయడం నేర్పాడు. ఆయన కూతురు సుసానా పెనెలపీ రోస్ తండ్రి దగ్గర నేర్చుకుని, కూపర్ బొమ్మలకు నకళ్ళు తీసి చేయి తిప్పుకుని, తనూ మంచి లిమ్నర్ అయింది. ఆయిల్ పెయింటింగ్ కార్ఖానాల్లో ఆడపిల్లకు చోటు దొరకడం కష్టమైన రోజుల్లో, ఇంట్లో కిటికీ పక్కన చిన్న బల్ల మీద చేసుకోగలిగిన ఈ పని ఆమెకు దారి ఇచ్చింది.

మన దేశంతో సంబంధం ఏమైనా ఉందా అని చివర్లో అడిగారు. ఉంది, అదీ సూటిగా. మొదటి జేమ్స్ రాజు పంపిన రాయబారి సర్ థామస్ రో 1616లో అజ్మేరులో జహంగీర్ కొలువులో ఉన్నాడు. తన దగ్గరున్న ఒక ఇంగ్లీషు స్త్రీ బొమ్మ, ఇలాంటి చిన్నదే, పాదుషాకు చూపించాడు. అది ఐజాక్ ఆలివర్ గీసిందని చెబుతారు. ఇలాంటి పని మీవాళ్ళు చేయలేరని రో ధీమా. జహంగీర్ తన చిత్రకారులు చేయగలరని పందెం కాశాడు. కొన్ని రోజుల తర్వాత రాత్రి పిలిపించి ఒకే పలక మీద ఆరు బొమ్మలు ముందు పెట్టాడు. ఒకటి అసలు, ఐదు నకళ్ళు. కొవ్వొత్తి వెలుగులో తన బొమ్మ ఏదో పోల్చుకోవడానికి చాలా తంటాలు పడ్డానని రో తన దినచర్యలో నిజాయితీగా రాసుకున్నాడు. పాదుషా సంతోషం పట్టలేకపోయాడట. ఆ నెలలోనే జహంగీర్ తన సొంత బొమ్మను బంగారంలో పొదిగించి, కింద ఒక ముత్యం వేలాడేలా చేయించి, బంగారు తీగ గొలుసుతో రో మెడలో వేయించాడు. థామస్ లైట్‌కు జేమ్స్ రాజు ఇచ్చినదాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. రెండు కొలువులకూ ఒకే భాష తెలుసు.

మళ్ళీ లండన్ వెళ్ళినప్పుడు ఆ గదిలో ఒక పని చేయండి. గది చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా అయిదు నిమిషాలు ఏ బొమ్మ దగ్గరికీ వెళ్ళకండి. తర్వాత హిలియార్డ్ గీసిన ఒక్క బొమ్మను ఎంచుకోండి, మెడ చుట్టూ లేసు ఉన్నది. ఎదురుగా నిలబడితే అది తెల్లటి గీతల్లాగే ఉంటుంది. మోకాళ్ళు కొంచెం వంచి, తల పక్కకు తీసుకెళ్ళి, వెలుతురు ఏటవాలుగా పడే చోటి నుంచి చూడండి. ఆ లేసు గీత కాదు, చిక్కటి తెలుపు రంగును దారంలా పైకి ఉబ్బేలా ధార కట్టినది. ప్రతి ముడికీ కింద వెంట్రుక వాసి నీడ పడుతూ ఉంటుంది. ఆ నీడను ఎవరూ గీయలేదు. నాలుగు వందల ఏళ్ళుగా, వెలుతురు తగిలిన ప్రతిసారీ, దానంతట అదే పడుతోంది.